ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు, పాపకి ఆపరేషన్ విషయం ఎలా తేల్చుకోవాలి?

పాప_అమ్మ:

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మా పాపకి 5 ఏళ్లు. నెలలు నిండకుండా 29వ వారంలోనే పుట్టింది. ఏడాదిన్నర వయసులో సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే ఎదిగే వయసులోనే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం, అని చెప్పారు, అందులో స్పాస్టిక్ డైప్లీజియా అట, అంటే రెండు కాళ్లలో బిగుతు ఎక్కువ, చేతులు కొంచెం నయం. మాటలు చక్కగా వచ్చాయి, ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది తనే. వాకర్ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తుంది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, కాస్త దూరం వెళ్లేసరికి అలసిపోయి కూర్చుండిపోతుంది. రోజూ ఫిజియో చేయిస్తున్నాం, స్ప్లింట్లు వేస్తున్నాం. కండరాల బిగుతు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్లు రెండుసార్లు ఇప్పించాం, వేసిన కొత్తలో మడమలు కిందికి ఆనాయి, 3-4 నెలలకి మళ్లీ మామూలే.

ఇప్పుడు ఒక న్యూరోసర్జన్ ఎస్‌డీఆర్ అనే ఆపరేషన్ చేయిద్దాం, నడుము దగ్గర కొన్ని నరాలు కత్తిరిస్తే బిగుతు తగ్గుతుంది, ఈ వయసు దాటితే ఉపయోగం తగ్గుతుంది అన్నారు. ఎముకల డాక్టరేమో తొందరపడకండి, 8-10 ఏళ్లు వచ్చాక అవసరమైనవన్నీ ఒకేసారి సరిచేద్దాం అన్నారు. ఇంకో క్లినిక్‌లో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మెదడే బాగుపడుతుంది అన్నారు, వాళ్లు చూపించిన వీడియోల్లో పిల్లలు పరుగెడుతున్నారు.

మా ఆయనకి వెంటనే ఆపరేషన్ చేయించాలని ఉంది. మా అత్తగారు స్టెమ్ సెల్స్ వైపు. నాకు దేని మీదా ధైర్యం చాలడం లేదు. అసలు ఏమీ చేయించకుండా ఇలాగే ఉంచితే, రేపు పెద్దయ్యాక "అప్పుడే ఎందుకు చేయించలేదమ్మా" అని అడిగితే ఏం చెప్పను అనే ఆలోచన నిద్ర పట్టనివ్వడం లేదు. చేయించాక ఉన్నది కూడా పోతే అదీ భయమే. రాత్రిళ్లు ఫోన్లో వెతికి వెతికి టెన్షన్ పెరిగిందే తప్ప ఏమీ తేలలేదు.

ఏ ట్రీట్‌మెంట్ మంచిదో చెప్పమని అడగడం లేదు, పాపని చూడకుండా ఎవరూ చెప్పలేరని తెలుసు. ఇలాంటి చోట నిలబడ్డవాళ్లు మీరు ఎలా తేల్చుకున్నారు? డాక్టర్లని ఏం అడిగారు?

---

ఇద్దరు_పిల్లల_నాన్న:

అమ్మా, మా పెద్దవాడికి ఇప్పుడు 17. వాడికీ సీపీనే, కానీ వాడిది ఇంకా ఎక్కువ రకం, చక్రాల కుర్చీలోనే ఉంటాడు, మాటలు రావు, కళ్లతో చెప్తాడు. కాబట్టి మీ పాప కాళ్ల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. తేల్చుకోవడం గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఒకసారి చాలా తప్పుగా తేల్చుకున్నాం, ఒకసారి బాగా తేల్చుకున్నాం.

వాడికి 6 ఏళ్లప్పుడు మింగడం కష్టమై, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ న్యుమోనియా వచ్చేది. పొట్టకి ట్యూబ్ పెట్టి తిండి పంపాలి అన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ట్యూబ్ పెట్టిస్తే మేం ఓడిపోయినట్టు, బిడ్డకి అన్నం కూడా తినిపించలేని తల్లిదండ్రులమైనట్టు అనిపించింది. ఏడాదిన్నర ఆలస్యం చేశాం. ఆ ఏడాదిన్నరలో వాడు మూడుసార్లు ఐసీయూకి వెళ్లాడు, ఒక్కో పూట తినిపించడానికి గంటన్నర పట్టేది, వాడు ఏడ్చేవాడు, మేమూ ఏడ్చేవాళ్లం. చివరికి పెట్టించాక 4 నెలల్లో బరువు పెరిగాడు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే నవ్వడానికి ఓపిక వచ్చింది. రుచి చూడటానికి కొంచెం కొంచెం నోటితోనూ పెట్టేవాళ్లం, ఎంత వరకు ప్రమాదం లేదో థెరపిస్టు చూసి చెప్పాక.

మేం ఎక్కడ తప్పామో చాలా ఏళ్లకి అర్థమైంది. మేం ట్యూబ్ గురించి ఆలోచించలేదు, మా గురించి ఆలోచించాం. ట్యూబ్ వల్ల వాడి రోజు ఎలా మారుతుంది అని ఒక్కసారి కూడా మమ్మల్ని మేం అడుక్కోలేదు. డాక్టరు గారు కూడా "పెట్టించాలి" అన్నారే గానీ, పెట్టిస్తే ఇలా ఉంటుంది, పెట్టించకపోతే ఇలా ఉంటుంది అని రెండూ పక్కపక్కన పెట్టి చెప్పలేదు. అప్పటికే పెట్టించుకున్న ఒక ఇంటికి తీసుకెళ్లి చూపించి ఉంటే వారంలో ఒప్పుకునేవాళ్లం.

అందుకే మీకు నేను చెప్పేది, ముందు మీరిద్దరూ విడివిడిగా కాగితం మీద రాయండి: పాప రోజులో ఏది మారాలని మీకు ఉంది? "నడవాలి" అని కాదు, ఎక్కడి నుంచి ఎక్కడికి నడవాలి, ఎవరితో, ఎందుకు అని. రాశాక ఒకరిది ఒకరు చదవండి. మా ఆవిడ "రాత్రి నొప్పి లేకుండా పడుకోవాలి" అని రాసింది, నేను "నిలబడాలి" అని రాశాను. అప్పటిదాకా ఇద్దరం ఒకే దాని గురించి గొడవ పడుతున్నాం అనుకున్నాం, కాదు. రెండోసారి, తుంటి ఆపరేషన్ విషయంలో, అలా రాసుకునే వెళ్లాం. డాక్టరు గారు ఆ కాగితం చూసి "ఇది నొప్పి తగ్గడానికి పనికొస్తుంది, నిలబడటానికి పనికిరాదు" అని తేల్చి చెప్పారు. చేయించాం. నిలబడలేదు. నేను బాధపడలేదు, ఎందుకంటే దాని కోసం చేయించలేదు కదా.

---

పిల్లల_ఫిజియో:

నేను 14 ఏళ్లుగా పిల్లల ఫిజియోథెరపీ చేస్తున్నాను. పాపని చూడలేదు కాబట్టి చేయించండి, వద్దు అనే మాట నా దగ్గర రాదు. కానీ మీకు ముగ్గురు మూడు చెప్పారు అన్నారు కదా, అందులో మొదటి ఇద్దరూ నిజానికి ఒకరినొకరు కాదనడం లేదేమో చూడండి.

మునివేళ్ల మీద నడకకి కారణం ఒకటే ఉండదు. మెదడు నుంచి వచ్చే సంకేతం వల్ల కండరం బిగుసుకోవడం ఒకటి. ఏళ్ల తరబడి అలా బిగుసుకుని కండరమే పొట్టిగా అయిపోవడం రెండోది. ఎముకలు తిరిగిపోవడం మూడోది. వీటన్నిటి కింద కండరంలో బలం లేకపోవడం నాలుగోది, దీన్ని అందరూ మర్చిపోతారు. ఎస్‌డీఆర్ మొదటిదాన్ని మాత్రమే తగ్గిస్తుంది. వెన్నులోకి కబురు మోసుకెళ్లే సెన్సరీ నరాల పోగుల్లో కొన్నిటిని కత్తిరిస్తారు, పొట్టిబడ్డ కండరం దానితో పొడుగవదు, తిరిగిన ఎముక నిటారవదు. ఎముకల డాక్టరు చేసేది రెండు, మూడు. నాలుగోదానికి ఆపరేషనే లేదు. న్యూరోసర్జన్ బిగుతు చూస్తున్నారు, ఎముకల డాక్టరు పొట్టిదనం చూస్తున్నారు, ఇద్దరూ ఒకే కాలిని చూస్తున్నారు.

మీ ఫిజియోని ఇది అడగండి: పాదాన్ని చాలా నెమ్మదిగా పైకి వంచితే ఎంతవరకు వస్తుంది, టక్కున వంచితే ఎక్కడ పట్టేస్తుంది? రెండిటికీ తేడా ఎక్కువ ఉంటే బిగుతు పాలు ఎక్కువ. నెమ్మదిగా వంచినా రాకపోతే కండరం పొట్టిబడింది. దీన్ని మీ కళ్ల ముందే చేసి చూపించమనండి, మీకే అర్థమవుతుంది.

ఇంకోటి, జీఎంఎఫ్‌సీఎస్ అని ఒక వర్గీకరణ ఉంది, 1 నుంచి 5 లెవెల్స్. 1 అంటే ఏ సాయమూ లేకుండా నడిచేవాళ్లు, 5 అంటే తల నిలపడానికి కూడా సాయం కావాల్సినవాళ్లు. చేత్తో పట్టుకునే వాకర్‌తో నడుస్తుంటే సాధారణంగా లెవెల్ 3 అంటారు, అయినా మీ డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి. ఇది ఎందుకు ముఖ్యమంటే, "ఈ ఆపరేషన్‌తో పిల్లలు నడుస్తారు" అన్నప్పుడు ఏ లెవెల్ పిల్లలు అని అడగాలి. లెవెల్ 2లో ఉన్న పిల్లాడి వీడియో చూపించి లెవెల్ 4 పిల్లాడి తల్లికి ఆశ పెడితే అది మోసం కిందే లెక్క. కెనడాలో 657 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2002లో ఒక లెక్క వేశారు: కదలికల విషయంలో ఏ లెవెల్ పిల్లలైనా వాళ్లు చేరుకోగలిగిన దానిలో దాదాపు 90 శాతం 5 ఏళ్ల లోపే చేరుకుంటారు. ఇది విని చాలామంది తల్లిదండ్రులు కుప్పకూలిపోతారు, మీరు కూలిపోకండి. దానర్థం ఇక నేర్చుకోదని కాదు. ఆ పరీక్షలో కొలిచేది కూర్చోవడం, నిలబడటం, నడవడం లాంటి పెద్ద కదలికలని మాత్రమే. బట్టలు వేసుకోవడం, మెట్లు దిగడానికి తనకంటూ ఒక పద్ధతి కనిపెట్టడం, స్నేహితులతో ఆడటం, ఇవేవీ ఆ లెక్కలో లేవు.

ఎస్‌డీఆర్ గురించి నాకు ఖాయంగా తెలిసింది చెప్తాను. కత్తిరించిన నరాల్ని మళ్లీ అతికించలేరు. బిగుతు తగ్గడం మాత్రం నిజం, స్పష్టంగా తగ్గుతుంది. నడకలో వచ్చే మెరుగు, జాగ్రత్తగా పోల్చి చూసిన ట్రయల్స్‌లో, ఉంది కానీ చిన్నది. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం గట్టి ఫిజియో కావాలి. కొందరు పిల్లలకి ఆ బిగుతే కాళ్లకి కర్రలా ఆసరా ఇస్తుంటుంది, అది తీసేస్తే కింద ఉన్న బలహీనత బయటపడుతుంది, మొదటి నెలల్లో ముందు చేసినవి కూడా చేయలేరు. ఇది ముందే తెలిసిన తల్లి ఓపిక పడుతుంది, తెలియని తల్లి "ఉన్నది కూడా పోయింది" అని ఏడుస్తుంది. అదే ఆపరేషన్, అదే పిల్ల, ముందు చెప్పడంలోనే తేడా.

ఆగమన్న ఎముకల డాక్టరు మాటకీ కారణం ఉంది. చిన్న వయసులో పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే పట్టీని, అదే అకిలిస్ టెండన్‌ని, తొందరపడి పొడిగిస్తే ఎముక పెరుగుతున్న కొద్దీ మళ్లీ పొట్టిబడొచ్చు. లేదా ఎక్కువగా వదులైపోయి మోకాళ్లు వంగిపోయి కుంగినట్టు నడక వస్తుంది, అది వచ్చాక సరిచేయడం మునివేళ్ల నడకని సరిచేయడం కంటే చాలా కష్టం.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. తుంటి ఎక్స్‌రే. సీపీ ఉన్న పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి తుంటి కీలు మెల్లగా జారుతుంది, మొదట్లో నొప్పి ఉండదు, పైకి తెలియదు. ఏ ట్రీట్‌మెంట్ ఎంచుకున్నా, ఏదీ ఎంచుకోకపోయినా, ఎక్స్‌రేలు వరుసగా తీయిస్తూ ఉండాలి, ఎన్నాళ్లకొకసారి అనేది పాప లెవెల్‌ని బట్టి డాక్టరు చెప్తారు.

---

పాప_అమ్మ:

ఫిజియో గారూ, మూడేళ్లుగా తిరుగుతున్నాం, ఈ నాలుగు కారణాల సంగతి ఇంతవరకు ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదండి. తుంటి ఎక్స్‌రే ఒక్కసారే తీశారు, రెండేళ్లప్పుడు. రేపే అడుగుతాను.

అన్నయ్య గారూ, మీరు రాసింది చదివి ఇద్దరం కాగితాలు రాశాం. ఆయన ఏం రాశారో తర్వాత చెప్తాను, ప్రస్తుతం నాకే ఏడుపొస్తోంది.

---

ఆశ_వదలని_నాన్న:

అందరూ డాక్టర్ల పక్షమే మాట్లాడుతున్నారు. మా బాబుకి హైపర్‌బేరిక్ ఆక్సిజన్, అంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న చాంబర్‌లో ఉంచి ఆక్సిజన్ ఇవ్వడం, ఇప్పించాం, 40 సిట్టింగులు. అంతకుముందు మెడ నిలిపేవాడు కాదు, రెండు నెలల్లో నిలిపాడు. నా కళ్లతో చూశాను. రీసెర్చ్ లేదు అంటారు, రీసెర్చ్ చేసేవాళ్లు మా ఇంటికొచ్చి చూశారా? స్టెమ్ సెల్స్ కూడా అంతే, రేపు ప్రూవ్ అవుతుంది, అప్పటికి మన పిల్లలకి వయసు దాటిపోతుంది. ఒక్క శాతం ఛాన్స్ ఉన్నా తండ్రిగా వదలను. అక్కా, మీరు కూడా వదలొద్దు.

---

పిల్లల_ఫిజియో:

నాన్నగారూ, బాబు మెడ నిలిపాడు అన్నది నేను నమ్ముతున్నాను. మీరు చూసింది నిజమే. అది ఆక్సిజన్ వల్లే వచ్చిందా అన్నదొక్కటే ప్రశ్న.

2001లో కెనడాలో సరిగ్గా ఇదే ప్రశ్న వేసి చూశారు. సీపీ ఉన్న 111 మంది పిల్లలు, 3 నుంచి 12 ఏళ్ల వాళ్లు, అందరికీ మీ బాబుకి లాగే 40 సిట్టింగులు, రెండు నెలలు. సగం మందికి ఎక్కువ ఒత్తిడిలో అసలు ఆక్సిజన్, మిగతా సగానికి చాంబర్‌లో కొద్దిపాటి ఒత్తిడితో మామూలు గాలి. ఎవరికి ఏది వెళ్తోందో తల్లిదండ్రులకి తెలియదు. చివర్లో రెండు గుంపుల పిల్లలూ మెరుగయ్యారు, ఇద్దరూ ఒకేలా మెరుగయ్యారు. రెండు నెలల్లో పిల్లలు ఎలాగూ ఎదుగుతారు, పైగా రోజూ అమ్మానాన్నా పక్కనే కూర్చుని, కబుర్లు చెప్తూ, ఏ చిన్న మార్పైనా కనిపెడుతూ ఉంటే ఇంకా బాగా చేస్తారు. మీ బాబు మెడ నిలపడంలో మీ పాత్ర మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువ ఉండొచ్చు అని నా నమ్మకం.

ఆటిజంలోనూ ఇలాగే జరిగింది. 1998లో సెక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ తర్వాత ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని ఒక రిపోర్ట్ వస్తే తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. తర్వాత ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి వరుసగా ట్రయల్స్ చేస్తే తేడా లేదని తేలింది, ఉప్పునీళ్లు తీసుకున్న పిల్లలు కూడా మెరుగయ్యారు.

స్టెమ్ సెల్స్ మీద పరిశోధన నిజంగానే జరుగుతోంది, సీపీలో కూడా. అందుకే ఆ క్లినిక్‌ని సూటిగా అడగండి: ఇది పరిశోధనా, ట్రీట్‌మెంటా? పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించాలి, పాల్గొనేవాళ్ల దగ్గర మందుకి డబ్బు వసూలు చేస్తే అనుమానించాల్సిందే. ట్రీట్‌మెంట్ అయితే మామూలు ఫిజియో మాత్రమే చేసిన పిల్లలతో పోల్చిన ఫలితాలు చూపించాలి. ఏడాది తర్వాత ఎవరు పాపని మళ్లీ పరీక్షిస్తారు, జ్వరమో ఫిట్సో ఇన్ఫెక్షనో వస్తే ఎవరు చూస్తారు? సీపీకీ, ఆటిజానికీ, డౌన్ సిండ్రోమ్‌కీ అన్నిటికీ అదే మందు అంటున్నారా? పూర్తిగా వేర్వేరు కారణాలున్న మూడింటికి ఒకే మందు ఎలా పనిచేస్తుందో వాళ్లనే చెప్పమనండి. పరుగెత్తే పిల్లల వీడియోలు చూపించినప్పుడు, మెరుగవని పిల్లలు ఎంతమంది, వాళ్లని కూడా చూపించండి అని అడగండి. ఇది మర్యాద తప్పడం కాదు.

---

ఆశ_వదలని_నాన్న:

మీరు చెప్పింది ఒప్పుకోవడానికి నాకింకా మనసు రావట్లేదు. కానీ ఒకటి నిజం, ఆ రెండు నెలలూ బాబు బడికి వెళ్లలేదు, వాడికి బడి అంటే ప్రాణం. అది అప్పుడు లెక్కలోకి రాలేదు.

---

నేనూ_సీపీనే:

అక్కా, ఇంతమంది తల్లిదండ్రులు, డాక్టర్లు మాట్లాడుతున్నారు కాబట్టి మీ పాప వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నాకు 31 ఏళ్లు. స్పాస్టిక్ డైప్లీజియా, మీ పాపదే.

నాకు 7 ఏళ్లకి ఒకటి, 12కి ఒకటి ఆపరేషన్లు అయ్యాయి. మొదటిదానికి తీసుకెళ్లేటప్పుడు "ఊరికే చూపించుకుని వచ్చేద్దాం" అన్నారు. లేచేసరికి రెండు కాళ్లకీ తుంటి దాకా ప్లాస్టర్. ఆ నొప్పి నాకిప్పుడు గుర్తులేదు, అమ్మ అబద్ధం చెప్పింది అన్నది మాత్రం గుర్తుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు, బట్టలు కొనడానికి వెళ్దాం అన్నా, ఎక్కడికి తీసుకెళ్తున్నారో అని భయపడేవాణ్ణి. అమ్మ చెడ్డది కాదు. చెప్తే ఏడుస్తానని చెప్పలేదు. చెప్పాల్సింది, ఏడ్చేవాణ్ణి, అంతేగా.

రెండోదానికి ముందు ఒక డాక్టరమ్మ నన్ను మా నాన్న పక్కనుంచి తన కుర్చీ దగ్గరికి పిలిచి, బొమ్మ గీసి చూపించి, "ఇక్కడ కోస్తాను, ఇన్ని వారాలు నొప్పి ఉంటుంది, తర్వాత నీకు ఏం చేయాలని ఉంది?" అని అడిగింది. క్రికెట్‌లో వికెట్ కీపింగ్ చేయాలని ఉంది అన్నాను. ఆమె నిజంగా ఆలోచించి, కింద కూర్చుని లేవడం ఈ ఆపరేషన్ తర్వాత నీకు ఇంకా కష్టమవుతుంది, నడక మాత్రం తేలికవుతుంది, ఏది కావాలో చెప్పు అంది. రెండు రోజులు ఆలోచించి నడకే అన్నాను. ఆ ఆపరేషన్ ఫలితం అంత గొప్పగా ఏమీ రాలేదు, కానీ దాని మీద నాకు కోపం లేదు, ఎందుకంటే అది నేను ఒప్పుకున్నది.

పిల్లల హక్కుల మీద 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో 12వ అధికరణం ఉంది. తనకి సంబంధించిన ప్రతి విషయంలోనూ పిల్లలు తమ అభిప్రాయం చెప్పొచ్చు, వయసుని బట్టి, తెలివిడిని బట్టి దానికి విలువ ఇవ్వాలి అంటుంది. 5 ఏళ్ల పిల్ల ఆపరేషన్ చేయించాలా వద్దా అని తేల్చలేదు, ఆ బరువు తన మీద పెట్టకూడదు కూడా. కానీ ఏం చేస్తే నొప్పి పుడుతుందో, ఏ ఎక్సర్‌సైజ్ అంటే అసహ్యమో, బడిలో ఏ పని చేయలేక ఏడుపొస్తుందో తనకి తెలిసినట్టు మీ ఎవరికీ తెలియదు. అడగండి. ఎవరు తన చెయ్యి పట్టుకోవాలి, ప్లాస్టర్ ఏ రంగు ఉండాలి లాంటివి తనకే వదిలేయండి. మాటలు రాని పిల్లలైతే బొమ్మలతో, కళ్లతో, ఒళ్లు బిగపట్టడంతో చెప్తారు, పైన అన్నయ్య గారికి తెలుసు.

ఇంకో మాట, కాస్త కష్టంగా ఉంటుంది. నేను 26 ఏళ్ల దాకా ఎంత దూరమైనా నడిచే వెళ్లాను, ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరి ఆశా నా నడక మీదే. మోకాళ్లు అరిగిపోయి, ఆఫీసు నుంచి వచ్చి పడుకోవడం తప్ప ఇంకేమీ చేయలేని స్థితికి వచ్చాను. ఇప్పుడు బయటికి వెళ్తే చక్రాల కుర్చీ వాడతాను, ఇంట్లో నడుస్తాను. సాయంత్రాలు నాకు మళ్లీ దొరికాయి. సీపీ ఉన్న మాలో చాలామందికి ఇరవైల్లో, ముప్పైల్లో నొప్పులు పెరగడం, నడక తగ్గడం ఉంటుంది. మీ డాక్టర్‌ని "ఏడాదికి ఎలా ఉంటుంది" అని ఎలాగూ అడుగుతారు, "25 ఏళ్లకి ఎలా ఉంటుంది" అని కూడా అడగండి. పాప నడిస్తేనే గెలిచినట్టు అనే మాట ఇంట్లో వినపడకుండా చూడండి, పిల్లలు అన్నీ వింటారు.

"అప్పుడే ఎందుకు చేయించలేదమ్మా" అని అడిగితే ఏం చెప్పను అన్నారు కదా. నేను మా అమ్మని అలా ఎప్పుడూ అడగలేదు. "నాకెందుకు చెప్పలేదు" అనే అడిగాను.

---

ఇద్దరు_పిల్లల_నాన్న:

తమ్ముడూ, ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

పాప అమ్మగారూ, ఒక చిన్న పని చేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో తీసిన వీడియోలు పట్టుకెళ్లండి, పొద్దున నిద్రలేచాక నడక, సాయంత్రం అలసిపోయాక నడక రెండూ. ఆసుపత్రి వరండాలో పిల్లలు వేరేలా నడుస్తారు. మూడో మనిషి ఒకరు కూడా ఉండాలి, రాసుకోవడానికి. మీరిద్దరూ టెన్షన్‌లో ఉంటారు, విన్నదాంట్లో సగం బయటికి వచ్చేసరికి గుర్తుండదు. డాక్టర్ ఒప్పుకుంటే రికార్డ్ చేసుకోండి. అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇది ఈ వారం చేయకపోతే ప్రమాదమా, మూడు నెలలు ఆగితే ఏమైనా పోతుందా అని అడగండి. చాలావాటికి మూడు నెలల్లో ఏమీ పోదు.

---

పాప_అమ్మ:

మూడు వారాలైంది, జరిగింది చెప్దామని వచ్చాను.

ఫిజియో నా ముందే పాదం నెమ్మదిగా, టక్కున వంచి చూపించారు. కుడి కాలికి తేడా చాలా ఉంది, ఎడమ కాలికి తక్కువ, ఎడమది కొంత పొట్టిబడిందట. లెవెల్ 3 అనే చెప్పారు. తుంటి ఎక్స్‌రే తీశారు, ఎడమవైపు కొద్దిగా జరగడం మొదలైంది, ప్రస్తుతానికి ఏమీ చేయక్కర్లేదు, 6 నెలలకి మళ్లీ తీయాలి అన్నారు. అడగకపోతే తీసేవాళ్లు కాదు, ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

న్యూరోసర్జన్‌ని, ఎముకల డాక్టర్‌ని ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టమని అడిగితే మొదట కుదరదన్నారు, గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు. ఇద్దరూ మా ముందే మాట్లాడుకున్నారు. నడకని కెమెరాలతో కొలిచే గెయిట్ అనాలిసిస్ చేయించాక, కాళ్లలో బలం ఎంతుందో చూశాక ఎస్‌డీఆర్ సంగతి తేలుద్దాం, అప్పటిదాకా బలం పెంచే ఎక్సర్‌సైజులు అన్నారు. ఎస్‌డీఆర్ చేసినా తర్వాత ఎముకల ఆపరేషన్ అవసరం పడొచ్చని న్యూరోసర్జన్ గారే ఒప్పుకున్నారు, ఇంతకుముందు ఆ మాట అనలేదు. నాలుగు నెలలు ఆగితే ఏమీ పోదు అన్నారు. స్టెమ్ సెల్స్ క్లినిక్‌కి మా ఆయనే ఫోన్ చేసి మెరుగవని పిల్లల గురించి అడిగారు. మళ్లీ చేస్తామన్నారు, చేయలేదు. మా అత్తగారికి ఇంకా బాధగానే ఉంది, పాప మీద ప్రేమతోనే కదా ఆమె అంటున్నది, నేనేమీ అనలేదు.

ఆ కాగితాల సంగతి. మా ఆయన కాగితంలో ఒకటే వాక్యం ఉంది: "నేను లేనప్పుడు కూడా తను బాత్రూంకి వెళ్లగలగాలి." నేను ఒక పేజీ నిండా రాశాను, ఆయన రాసింది అందులో లేదు.

ఇక పాపని కూడా అడిగాం. కాళ్ల డాక్టర్లు నీకు సాయం చేయాలని చూస్తున్నారు, ఆపరేషన్ అంటే ఇది, నొప్పి ఉంటుంది, ఇంకా ఏమీ అనుకోలేదు, నీకు డాక్టర్‌ని ఏమైనా అడగాలని ఉందా అని. ఏడవలేదు. కాసేపు ఆలోచించి, "నేను నిద్రపోయినప్పుడు నా వాకర్ ఎక్కడ పెడతారు? లేచేసరికి నాకు కనపడాలి" అంది. డాక్టర్ కోసం రాసుకున్న ప్రశ్నల్లో అది మొదటిది ఇప్పుడు.